వారసత్వం ఎవరిది, పర్యాటకం ఎవరి కోసం?

ఒక ఊరిని చూడటానికి బయటివాళ్ళు వస్తారు. గుడి చూస్తారు, కోట చూస్తారు, జలపాతం కింద తడుస్తారు, ఫొటోలు తీసుకుంటారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. వాళ్ళు ఆ ఊరికి ఏమైనా బాకీ పడ్డారా, లేక టికెట్టు కొన్నారు గనుక లెక్క తీరిపోయిందా? ఆ ఊరివాళ్ళు, ముఖ్యంగా ఊరికి ఎడంగా కాలనీల్లో బతికే మనలాంటి గిరిజనులు, ఈ రాకపోకల్లో ఎక్కడ నిలబడాలి? పైకి ఇది డబ్బు ప్రశ్నలా కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం న్యాయం ప్రశ్న.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఉన్న మనకు ఇది దూరపు సంగతి కాదు. ఒక్క తిరుమలకే రోజూ అరవై డెబ్బై వేల మంది వస్తారు. వాళ్ళలో కొంతమంది శ్రీకాళహస్తికి, చంద్రగిరికి, తలకోనకు పోతారు. 2025లో తిరుమల కొండల సహజ వారసత్వం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. రాష్ట్రం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. కొత్త రోడ్లు, హోటళ్ళు, హోమ్‌స్టేలు అనే మాటలు వినిపిస్తున్నాయి. పదో తరగతి దాటిన మా పిల్లలు అడుగుతున్నారు: "సార్, టూరిజంలో మాకు పనులు దొరుకుతాయా?" ఈ ప్రశ్నకు ఔను అనో కాదు అనో ఒక్క మాటలో చెప్పడం తేలిక. ఎట్లాంటి పని, ఎవరి మాట మీద, ఏ మర్యాదతో అని కూడా అడగడం నేర్పడం ఉపాధ్యాయులుగా మా బాధ్యత.

అడవి మనిషిని మొక్కే చోట

మన జిల్లా వారసత్వంలో మొదటి వరుసలో నిలిచే రెండు చోట్ల అడవి మనిషే ఉన్నాడు. మొదటిది శ్రీకాళహస్తి. తిన్నడి కథ మనందరికీ తెలుసు. ధూర్జటి తన శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఆ కథ చెప్పాడు. అంతకు ముందే తమిళంలో పెరియ పురాణం చెప్పింది. వేటగాడు తిన్నడు పుక్కిట నీళ్ళు తెచ్చి శివుడికి స్నానం చేయించాడు, కాల్చిన మాంసం నైవేద్యం పెట్టాడు, చివరికి తన కన్ను పెకలించి ఇచ్చాడు. రెండో కన్ను ఇచ్చేటప్పుడు చోటు తెలియడానికి కాలి బొటనవేలు లింగం మీద పెట్టాడు. ఈనాటికీ మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు కొండ మీద కన్నప్ప ధ్వజారోహణంతోనే మొదలవుతాయి. ముక్కంటి కంటే ముందు ఆ గౌరవం వేటగాడికి దక్కుతుంది.

రెండోది ఏర్పేడు మండలంలోని గుడిమల్లం. అక్కడి పరశురామేశ్వరాలయంలో సుమారు 5 అడుగుల లింగం మీద ఒక మనిషి రూపం చెక్కి ఉంది. కుడి చేతిలో పొట్టేలు, ఎడమ చేతిలో చిన్న కుండ, భుజాన గొడ్డలి. కింద ఒక మరుగుజ్జు రూపం మీద నిలబడి ఉంటాడు. క్రీస్తుకు పూర్వం ఒకటి రెండు శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. మన దేశంలో దొరికిన అతి పాత శివలింగాల్లో ఇదొకటి. 1911 ప్రాంతంలో గోపీనాథరావు దీని గురించి రాశాక లోకానికి తెలిసింది. ఆ రూపంలో వేటగాణ్ణి చూసిన పరిశోధకులు ఉన్నారు.

గొడ్డలి పట్టిన ఆ మనిషి మా తాతే అని మేము వాదించబోము. రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పానికి ఇవాళ్టి కులం, తెగ పేర్లు అంటగట్టడం చరిత్ర అనిపించుకోదు. మేము అడిగేది వేరు. గర్భగుడిలో గొడ్డలి భుజాన వేసుకున్నవాడికి దండం పెట్టే సమాజమే, బయట అడవి అంచున గొడ్డలితో కనబడిన మనిషిని అనుమానంగా చూస్తుంది. పుక్కిట నీళ్ళను భక్తి అని మెచ్చుకునే నోరే, మన కాలనీ పిల్లవాడు గ్లాసు ముట్టుకుంటే ముఖం చిట్లిస్తుంది. తెల్లదొరల కాలంలో మనలో కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్తులనే ముద్ర వేసిన చట్టం 1952లో పోయింది. ఆ చూపు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

తిన్నడి కథలోనే దీనికి పాఠం ఉంది. పూజారి మొదట చూసింది ఎముకలు, మాంసం ముక్కలు. గుడి మైలపడిందని కుమిలిపోయాడు, ఊడ్చి శుభ్రం చేశాడు. లోపల ఉన్న ప్రేమ ఆయనకు తర్వాత గానీ కనిపించలేదు. పర్యాటక స్థలాలను అందంగా తీర్చిదిద్దాలన్నప్పుడు మొదట చెత్తగా కనిపించేవి గుడిసెలు, తోపుడుబండ్లు, చెట్టు కింద బుట్టలు అల్లే ఎరుకల ఆడవాళ్ళు. వాళ్ళను ఊడ్చేశాక నున్నటి రాళ్ళు పరిచి, గోడ మీద అడవి మనిషి బొమ్మ రంగుల్లో వేస్తారు. బొమ్మకు చోటు దొరికింది, మనిషికి దొరకలేదు. ఇలాంటి అభివృద్ధిని న్యాయం అనవచ్చునా అన్నది ఈ వ్యాసంలో మా మొదటి ప్రశ్న.

ఖాళీ అయిన దీవి

వారసత్వం అంటే రాయి, సున్నం, శాసనం మాత్రమే అనుకుంటే మనకు వారసత్వం లేనట్టే. యానాదులు కోటలు కట్టలేదు. యానాది అనే పేరు 'అనాది' నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. మొదలు తెలియనంత పాతవాళ్ళమని దాని భావం. అంత పాతవాళ్ళ గుర్తులు శాసనాల్లో దొరకవు. ఏ చెట్టు బెరడు ఏ నొప్పికి పనికొస్తుంది, ఏ నెలలో ఏ చేప కాలవలోకి ఎక్కుతుంది, పుట్ట చూసి లోపల ఏముందో చెప్పడం ఎట్లా అనే తెలివిలో దొరుకుతాయి.

శ్రీహరికోట దీవి ఆ తెలివికి ఒకనాడు పెద్ద బడి. పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్య ఉన్న ఆ దీవి అడవిలో యానాదులు గడ్డలు, పండ్లు, తేనె, వంటచెరుకు, మందు మూలికల మీద బతికారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. ఆ ఏళ్ళలో దీవిలోని యానాది కుటుంబాలు చాలావరకు ఒడ్డుకు, సూళ్ళూరుపేట పక్కకు తరలి రావలసి వచ్చింది. అడవిలో ఎవరి కిందా పని చేయని మనుషులు ఇక్కడ కూలీలయ్యారు.

ఇప్పుడు ఆ దీవి పేరు ప్రపంచానికంతా తెలుసు. 2019 నుంచి రాకెట్ ప్రయోగాన్ని కళ్ళారా చూడటానికి గ్యాలరీ కూడా ఉంది. వేలమంది వస్తారు. 2023 జూలైలో చంద్రయాన్-3 ఎగిరినప్పుడు మేమూ మా బడి పిల్లలూ గర్వపడ్డాం. ఆ గర్వం అబద్ధం కాదు. దేశానికి అలాంటి కేంద్రం అవసరం లేదని మేము అనడం లేదు. అయితే అక్కడికి వచ్చి చప్పట్లు కొట్టేవాళ్ళలో ఎంతమందికి, ఈ నేల ఒకప్పుడు ఎవరి ఇల్లో తెలుసు? చంద్రుడి దాకా పోయిన దారి మొదట్లో కొన్ని కుటుంబాలు తమ పొయ్యిరాళ్ళు వదిలిపోయాయని చెబితే రాకెట్ గొప్పతనం తగ్గదు. చెప్పకపోతే మాత్రం చరిత్రలో ఒక అబద్ధం మిగులుతుంది. త్యాగం చేసినవాడి పేరు చెప్పడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో చేయగల న్యాయం.

భారం ఒకరికి, లాభం ఒకరికా?

"వారసత్వం అందరిదీ కదా, అందులో మీకు ప్రత్యేకంగా హక్కేమిటి?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. గుడిమల్లం లింగం గుడిమల్లం వాళ్ళది మాత్రమే కాదు. చంద్రగిరి రాజమహల్ చంద్రగిరి వాళ్ళ సొంత ఇల్లు కాదు. అందరిదీ అన్న మాటను మేము ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాక ఒక చిన్న లెక్క అడుగుతాం. అందరిదీ అయినప్పుడు దాన్ని కాపాడే భారం కూడా అందరూ పంచుకోవాలి కదా?

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషేధం. ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టకూడదు. 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించి దీన్ని గట్టిపరిచారు. ఇది మంచి చట్టమే. లేకపోతే పాత గోడల పక్కనే అపార్టుమెంట్లు లేచేవి. అయినా దాని బరువు ఎవరి మీద పడుతుంది? ఢిల్లీలోనో చెన్నైలోనో ఉన్న చరిత్ర అభిమాని మీద పడదు. ఆ గోడ పక్కన పుట్టి, కొడుక్కి పెళ్ళై ఇంకో గది వేసుకోవాలనుకున్న ఇంటాయన మీద పడుతుంది. అభయారణ్యం సంగతీ అంతే. శేషాచలం కొండలు 2010లో జీవావరణ రిజర్వుగా గుర్తింపు పొందాయి. వేంకటేశ్వర జాతీయ ఉద్యానం కూడా అక్కడే. అడవికి రక్షణ కావాల్సిందే. ఆ రక్షణ వల్ల కట్టెకు, తేనెకు, మేపుకు దారి మూసుకుపోయేది మాత్రం కొండ కింది గూడేలకు.

నష్టం ఒక చోటా లాభం ఇంకో చోటా చేరితే దాన్ని సుస్థిర పర్యాటకం అని ఎన్నిసార్లు పిలిచినా అది నిలవదు. ఎందుకంటే కాపాడటానికి కారణం లేని మనిషి ఎక్కువ కాలం కాపాడడు. నేలపట్టు పక్షుల కథ దీనికి తిరగేసిన ఉదాహరణ. దొరవారిసత్రం మండలంలోని ఆ చెరువుకు గూడబాతులు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1976లో అది పక్షుల అభయారణ్యం అయింది. అంతకు ముందు నుంచే ఊరివాళ్ళు ఆ పక్షులను కొట్టనిచ్చేవాళ్ళు కాదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పైరుకు బలమని వాళ్ళకు తెలుసు. పక్షి బతికితే పొలం బతుకుతుంది, పొలం బతికితే ఊరు బతుకుతుంది. ఇక్కడ ఊరికీ పక్షికీ మధ్య మర్యాదైన ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. పర్యాటకం అక్కడికి తర్వాత వచ్చింది. వచ్చినవాళ్ళు ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు.

చెడగొడితే ఏమవుతుందో హంపి చెబుతుంది. చంద్రగిరిని ఏలిన విజయనగర రాజుల మొదటి రాజధాని అది. 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. విరూపాక్షాలయం ముందున్న బజారులో తరాలుగా కాపురాలు, అంగళ్ళు ఉండేవి. 2011లో వాటిని ఆక్రమణలని కూల్చేశారు. రాళ్ళను కాపాడాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ బజారులో మనుషులు లేకపోతే అది బజారు కాదు, ఉత్త రాళ్ళ వరుస. మనుషులు కూడా వారసత్వంలో భాగమని ఒప్పుకోని పర్యాటకం చివరకు తాను చూపించాలనుకున్నదాన్నే పోగొట్టుకుంటుంది.

మమ్మల్ని చూడటానికి టికెట్టా?

ఇంకో ప్రమాదం ఉంది. చూడదగ్గ స్థలాల జాబితాలో మనుషులు కూడా చేరిపోవడం. 2012లో అండమాన్ దీవుల్లో జరావా ఆడవాళ్ళను తిండి ఆశ చూపి పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడింది. దేశమంతా సిగ్గుపడింది. అది ఎక్కడో జరిగిందని మనం తప్పించుకోలేం. మన కాలనీల పక్కన కూడా కార్లు ఆగుతాయి. 'ట్రైబల్స్' అంటూ అడగకుండానే ఫొటోలు తీస్తారు. ఎలుక పట్టు, పాము పట్టు, పాట పాడు అంటారు. పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు పెట్టి పోతారు.

ఒకసారి అలా కారు కదిలిపోయాక మా కాలనీలో ఒక అవ్వ అడిగింది: "ఏం అయివారూ, వాళ్ళు మనల్ని చూసేదానికి వస్తా ఉండారు సరే. మనం వాళ్ళిండ్లు చూసేదానికి పోయేది ఎప్పుడు?" అందరూ నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. ఆమె అడిగింది సమానత్వం గురించి. నేను నీ ఇంటికి వచ్చి నీ పొయ్యి, నీ పిల్లల్ని ఫొటో తీస్తే నువ్వు ఒప్పుకుంటావా? ఒప్పుకోకపోతే నా ఇంట్లో ఆ పని ఎట్లా చేస్తావు? ఏ పర్యాటకుడైనా వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. దీనికి పుస్తకాలు చదవనక్కర లేదు.

అందుకే చూపించే హక్కుతోబాటు చూపించకుండా ఉండే హక్కు కూడా మనకు ఉండాలి. ఆస్ట్రేలియాలో ఉలూరు అనే పెద్ద ఎర్ర కొండ ఉంది. అక్కడి ఆదివాసులు అనాంగు ప్రజలకు అది పవిత్రం. 1985లో ప్రభుత్వం ఆ నేల హక్కును వాళ్ళకు తిరిగి ఇచ్చింది. వాళ్ళు దాన్ని జాతీయ ఉద్యానం కోసం ప్రభుత్వానికే లీజుకు ఇచ్చారు. కొండ ఎక్కవద్దని ఎన్నో ఏళ్ళు మర్యాదగా చెబుతూ వచ్చారు. చివరికి 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధం అయింది. పర్యాటకులు ఇప్పటికీ వస్తున్నారు. కింది నుంచి చూస్తున్నారు, అనాంగు ప్రజలు చెప్పే కథ వింటున్నారు. 'ఇక్కడి దాకానే' అని గీత గీస్తే పర్యాటకం చచ్చిపోదు. ఆ గీత ఎవరు గీస్తారన్నదే అసలు విషయం.

మన దగ్గర కూడా గీయవలసిన గీతలు ఉన్నాయి. దేవర చెట్టు, కులపెద్దల సమాధులు, ఆడవాళ్ళు మాత్రమే చేసే కొన్ని పూజలు, వైద్యుడు గురువు నుంచి రహస్యంగా నేర్చుకున్న మందు. ఇవన్నీ బోర్డు పెట్టి చూపించేవి కావు. మందు మొక్క పేరు ఉత్సాహంగా చెప్పేస్తే రేపు దాన్ని లారీల్లో పీక్కుపోయేవాడు వస్తాడు. చెప్పకపోవడం పిసినారితనం కాదు, జాగ్రత్త.

గౌరవం కడుపు నింపుతుందా?

ఇక్కడ మన యువకులు అడ్డుపడతారు. "సార్, మీకు జీతం వస్తుంది, మీరు గౌరవం గురించి మాట్లాడతారు. మాకు ముందు పని కావాలి." ఈ మాటలో నిజం ఉంది. ఇటుక బట్టీల్లో, చేపల చెరువుల దగ్గర అడ్వాన్సు తీసుకుని కట్టుబడిపోయిన కుటుంబాలు మనలో ఉన్నాయి. అలాంటివాడికి హోటల్లో గదులు ఊడ్చే పని కూడా మేలే. ఆ పనిని మేము చిన్నచూపు చూడటం లేదు. కానీ అక్కడితో ఆగిపోతే, మన కొండ కింద మనమే ఎప్పటికీ ఊడ్చేవాళ్ళంగా ఉండిపోతాం. పని, వాటా, మాట ఈ మూడూ వేరువేరు. పని అంటే కూలి దొరకడం. వాటా అంటే ఆదాయంలో హక్కు ఉండటం. మాట అంటే నిర్ణయంలో మన గొంతు ఉండటం. పని ఇచ్చేసి మిగతా రెండూ మరిపించడం ఎప్పుడూ జరిగేదే.

మూడూ కలిసిన ఉదాహరణ మనకు చాలా దగ్గరలోనే ఉంది. చెన్నై పక్కన తూర్పు తీరం రోడ్డులో ఇరుళర్ల పాము పట్టేవాళ్ళ సహకార సంఘం ఉంది. ఇరుళర్లు మన యానాదులకు ఇరుగుపొరుగు, బతుకుతీరులో అన్నదమ్ములు. పాము చర్మాల వ్యాపారం నిషేధించాక వాళ్ళ బతుకుతెరువు పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. ఆ విషంతో పాముకాటుకు మందు తయారవుతుంది. విషం తీసే విధానాన్ని పర్యాటకులు టికెట్టు కొని చూస్తారు. 2023లో ఇద్దరు ఇరుళర్ పాము నిపుణులకు పద్మశ్రీ వచ్చింది. అక్కడ కూడా జనం గిరిజనుణ్ణే చూస్తున్నారు. మన కాలనీ పక్కన ఆగిన కారుకీ దీనికీ తేడా ఏమిటి? అక్కడ అతను నిపుణుడిగా నిలబడి ఉన్నాడు. సంఘం అతనిది. ఎప్పుడు చూపించాలో, ఎంత చూపించాలో చెప్పేది సంఘం.

మన ఎర్రావారిపాలెం మండలంలోని తలకోనలో అటవీ శాఖ, స్థానిక వన సంరక్షణ సమితితో కలిసి పర్యావరణ పర్యాటకం నడిపే ప్రయత్నం చేసింది. 270 అడుగుల జలపాతం, సిద్ధేశ్వరస్వామి గుడి, తాళ్ళలా అల్లుకున్న గిల్లతీగలు అక్కడికి జనాన్ని రప్పిస్తాయి. ఊరి సమితి చేతిలో కొంత పని, కొంత ఆదాయం పెట్టడం మంచి దారి. దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోవాలి. సమితిలో గిరిజన కుటుంబాలు ఎన్ని? ఆడవాళ్ళు ఎంతమంది? లెక్కలు గ్రామసభలో చదువుతారా? ఇలాంటి ప్రశ్నలు అడగటం తగాదా పెట్టుకోవడం కాదు. మన సంఘాల్లో కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. కాంట్రాక్టు మన పేరుతో తీసుకుని మన వాళ్ళకే కూలి ఎగ్గొట్టే మనవాడు కూడా పుట్టగలడు. తెగ ఒకటైనంత మాత్రాన న్యాయం దానంతటదే రాదు.

నీళ్ళ సంగతీ మరవకూడదు. రాయలసీమలో నీళ్ళ లెక్క లేకుండా ఏ లెక్కా పూర్తి కాదు. వేసవిలో కాలనీ బోరు ఎండిపోయి బిందెలు వరుసలో ఉన్నప్పుడు, పక్కన రిసార్టులో ఈత కొలను నిండి ఉంటే ఆ పర్యాటకాన్ని ఏ పేరుతో పిలిచినా అది అన్యాయమే. మా పెద్దలు అడవిలో గడ్డ తవ్వితే తీగ మొదలు మళ్ళీ మట్టిలో పెట్టి వచ్చేవాళ్ళు. తేనె పట్టు అంతా కోయకుండా ఈగకు కొంత వదిలేవాళ్ళు. సుస్థిరత అనే పెద్ద మాటకు మనకు తెలిసిన అర్థం అదే. వచ్చే ఏడు కూడా మనం అక్కడికి రావాలి, మన తర్వాతివాడూ రావాలి అన్న తలపుతో తీసుకోవడం.

చట్టం మన చేతికి ఇచ్చినవి

మన జిల్లాలు ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. అందువల్ల ఏజెన్సీలో ఉన్న 1/70 చట్టం గానీ, 1996 నాటి పెసా చట్టం గానీ మనకు వర్తించవు. మైదాన ప్రాంత గిరిజనులుగా మనకు రక్షణ తక్కువ. ఈ నిజం తెలుసుకోవాలి. అయినా మన చేతులు పూర్తిగా ఖాళీగా లేవు.

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూలు ప్రాంతాలకే పరిమితం కాదు. అడవి మీద ఆధారపడిన గిరిజనులు ఎక్కడున్నా వర్తిస్తుంది. తమ సాంస్కృతిక, సహజ వారసత్వానికి హాని చేసే పనుల నుంచి తమ ఆవాసాన్ని కాపాడుకునే అధికారం ఆ చట్టం ఐదో సెక్షనులో గ్రామసభకు, హక్కుదారులకు ఇచ్చింది. సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కు ఉందని మూడో సెక్షను చెబుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించిన తెలివిని రిజిస్టరులో రాయాలి. ఏది బయటపెట్టాలో, ఏది దాచాలో చర్చించడానికి ఇదొక వేదిక.

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా గుర్తుచేసుకోవాలి. అది బొర్రా ప్రాంతంలోని గనుల తవ్వకం మీద వచ్చింది, షెడ్యూలు ప్రాంతానికి సంబంధించింది. గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజల నీళ్ళకు, బడులకు, ఆసుపత్రులకు శాశ్వత నిధిగా పెట్టాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పు పర్యాటకానికి వర్తించదు. కానీ దాని వెనక ఉన్న నీతి మనకు వర్తిస్తుంది. ఒక చోటు నుంచి సంపద తీసుకునేవాడు ఆ చోటి మనుషులకు వాటా ఇవ్వాలి. రాయి తీస్తే వాటా ఉండాలన్నప్పుడు, రాయిని చూపించి సంపాదిస్తే ఎందుకు ఉండకూడదు? టికెట్టు డబ్బులో, పార్కింగు డబ్బులో ఒక భాగం ఆ పంచాయతీలోని కాలనీలకు అని రాతపూర్వకంగా అడగటం అత్యాశ కాదు.

బడి చేయగల పని

ఇదంతా ప్రభుత్వం చేయాలని కూర్చుంటే తరం గడిచిపోతుంది. బడిలో మనం ఇవాళే మొదలుపెట్టగలిగినవి ఉన్నాయి. విహారయాత్ర అంటే పిల్లలను దూరపు నగరానికే తీసుకుపోనక్కర లేదు. గుడిమల్లం తీసుకుపోదాం, చంద్రగిరి తీసుకుపోదాం. అక్కడ రాజుల పేర్లు రాసుకున్నాక ఇంకో ప్రశ్న అడుగుదాం. ఈ కోట రాళ్ళు ఎవరు మోశారు? ఆ రాళ్ళు మోసినవాళ్ళు ఏం తిన్నారు? జవాబు పుస్తకంలో ఉండదు. వెతకడం నేర్చుకోవడమే పాఠం.

పిల్లలు తమ అవ్వ, తాతల దగ్గర కూర్చుని మొక్కల పేర్లు, చేపల పేర్లు, పాత దారుల పేర్లు రాసి పెట్టాలి. రాసిన తర్వాత ఆ పుస్తకం కాలనీ పెద్దల దగ్గర ఉండాలి. బయటివాళ్ళకు ఎంత చెప్పాలో వాళ్ళే తేల్చాలి. పది, ఇంటరు చదివిన మన పిల్లల్లో కొందరు చరిత్ర, ఇంగ్లీషు, తమిళం నేర్చుకుని గైడ్లుగా తయారు కావాలి. తిన్నడి కథను మన పిల్లవాడు చెప్పినప్పుడు అది వేరేగా వినిపిస్తుంది. పూజారి ఆశ్చర్యం దగ్గర కాకుండా, ఆకలిగొన్న దేవుడికి ముందు తన నోటితో రుచి చూసి మంచి ముక్కే పెట్టిన వేటగాడి ప్రేమ దగ్గర అతను కథ మొదలుపెడతాడు. శ్రీహరికోట గ్యాలరీ మెట్ల మీద నిలబడి, "ఇది మా పెద్దలు తిరిగిన అడవి" అని ఒక అమ్మాయి తడబడకుండా చెప్పగలిగిన రోజు, పర్యాటకుడు ఒక ఫొటోతోబాటు ఒక నిజం కూడా ఇంటికి తీసుకుపోతాడు.

కాబట్టి మా జవాబు ఇది. ఊరిని చూడవచ్చినవాడు బాకీ పడతాడు. ఆ బాకీలో డబ్బు ఒక భాగం. అడిగి లోపలికి రావడం, ఆపిన చోట ఆగడం, ఆ చోటును కాపాడినవాళ్ళ పేరు తెలుసుకోవడం మిగతా భాగం. చూపించే మనకూ బాధ్యత ఉంది. అమ్మకూడనిది అమ్మకపోవడం, వచ్చినవాణ్ణి మోసగించకపోవడం, మన లెక్క మనవాళ్ళ ముందు విప్పి చూపించడం. ఈ రెండు వైపులా నీతి ఉన్న చోటే పర్యాటకం ఊరికి మేలు చేస్తుంది. ఏ ప్రాజెక్టు కాగితం మన ఊరికి వచ్చినా ముందు మూడు ప్రశ్నలు గ్రామసభలో లేచి నిలబడి అడుగుదాం. ఎవరిని అడిగి నిర్ణయించారు? ఎవరు నష్టపోతారు? మా వాటా ఎంత? ఈ మూడు ప్రశ్నలు వణుకు లేకుండా అడగగలిగేలా పిల్లలను తయారుచేస్తే మన బడి తన పని చేసినట్టే.